రేపటి జబ్బు, ఇవాళ్టి దిగులు

జర్మనీలో మన్‌హైమ్, హైడెల్‌బర్గ్ ఇరుగుపొరుగు ఊళ్లు. 1980ల చివర్లో హైన్జ్ హెఫ్నర్ అనే మానసిక వైద్యుడు ఆ ప్రాంతంలో స్కిజోఫ్రీనియాతో మొట్టమొదటిసారి ఆసుపత్రిలో చేరినవాళ్లను పరిశోధనకు తీసుకున్నాడు. వాళ్లనూ, వాళ్ల ఇంట్లోవాళ్లనూ కూర్చోబెట్టి ఒకే సంగతి తరచి తరచి అడిగించాడు: ఇది అసలు ఎప్పుడు మొదలైంది? మీకు మొదట కనబడిన తేడా ఏమిటి? అలా 232 మంది గతాన్ని నెలల లెక్కన వెనక్కి తవ్వుకుంటూ పోయారు. ఎవరూ లేకుండానే మాటలు వినబడటమో, ఎవరో వెంటాడుతున్నారన్న నమ్మకమో ముందుగా బయటపడుతుందని ఎవరైనా అనుకుంటారు. అలా జరగలేదు. అన్నిటికంటే ఎక్కువమందిలో తొలి లక్షణంగా తేలింది దిగులు. దాని వెంట ఆందోళన, దేనిమీదా మనసు నిలవకపోవడం, తన మీద తనకే నమ్మకం సడలిపోవడం. ఇవి మొదలయ్యాక సగటున సుమారు ఐదేళ్లకు గానీ అసలు జబ్బు తన రూపం చూపలేదు.

ఇందులో చరిత్ర చేసిన తమాషా ఒకటుంది. మనోభావాలు అదుపు తప్పే జబ్బు వేరు, ఆలోచనే చెదిరిపోయే జబ్బు వేరు అని 1899లో గట్టిగా గీత గీసినవాడు ఎమిల్ క్రేపెలిన్. అప్పుడాయన ప్రొఫెసర్‌గా ఉన్నది ఆ హైడెల్‌బర్గ్‌లోనే. ఇవాళ్టికీ ప్రపంచమంతా డాక్టర్లు రాసే రోగనిర్ధారణల వెనక ఆ గీత ఉంది. దాదాపు వందేళ్ల తర్వాత, ఆయన పనిచేసిన చోటికి దగ్గర్లోనే, తొలి దశలో ఆ గీత కనబడదని హెఫ్నర్ బృందం చెప్పింది. తీవ్రమైన డిప్రెషన్ వచ్చినవాళ్లనూ స్కిజోఫ్రీనియా వచ్చినవాళ్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే, భ్రమలూ భ్రాంతులూ తలెత్తేదాకా రెండు కథలూ ఇంచుమించు ఒకేలా నడిచాయి.

సైకోసిస్ అంటే ఉన్నదానికీ మనసు కల్పించినదానికీ తేడా తెలియని స్థితి. స్కిజోఫ్రీనియా అందులో ఒకటి, అదొక్కటే కాదు. ఆ స్థితి రాకముందే పసిగట్టగలమా అన్న ప్రశ్న పట్టుకుని 1994లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ప్యాట్రిక్ మెక్‌గోరీ, ఆలిసన్ యంగ్ తదితరులు ‘పేస్’ అనే క్లినిక్ తెరిచారు. పూర్తి పేరులో ఎక్కడా సైకోసిస్ అన్న మాట రానివ్వలేదు. వచ్చేది పదిహేను, పాతికేళ్ల మధ్య పిల్లలు. బోర్డు మీద ఆ మాట చూస్తే గుమ్మంలోంచే వెనక్కి పోతారని క్లినిక్ పెట్టినవాళ్లకు తెలుసు.

ముప్పు ఎక్కువ ఉన్నవాళ్లను ఎలా గుర్తించాలన్నదానికి వాళ్లు మూడు దారులు పెట్టారు. దగ్గరి రక్తసంబంధీకుల్లో సైకోసిస్ ఉండి, ఈమధ్య చదువులోనో పనిలోనో బాగా దిగజారినవాళ్లు ఒక రకం. కొద్దిరోజులు పూర్తిస్థాయి లక్షణాలు కనబడి మందు లేకుండానే వాటంతటవే పోయినవాళ్లు మరో రకం. ఎక్కువమంది మాత్రం మూడో రకం: లక్షణాలు ఉన్నాయి, కానీ పలచగా ఉన్నాయి. బస్సెక్కితే అందరూ తనవైపే చూస్తున్నట్టు, వెనక సీటులో నవ్వింది తనను చూసేనన్నట్టు ఉంటుంది. ఖాళీ గదిలో ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు ఉంటుంది. ఇంటికొచ్చి కాస్త స్థిమితపడ్డాక ‘ఛ, అదేం లేదు, నాకే అలా అనిపించింది’ అనుకోగలుగుతారు. ఆ కాస్త సందేహం మిగిలి ఉందా లేదా అన్నదే వైద్యుడు చూసే హద్దు. సందేహం చచ్చిపోయి నమ్మకం గట్టిపడితే అది సైకోసిస్.

వీళ్లలో ఎంతమంది ఆ హద్దు దాటతారు? 2012లో పాలో ఫ్యూజర్-పోలీ బృందం అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి లెక్కగట్టి, మూడేళ్లలో 36 శాతం అని చెప్పింది. 2021లో మరిన్ని పరిశోధనలతో మళ్లీ లెక్కవేస్తే అది 25 శాతం దగ్గర ఆగింది. మామూలు జనంతో పోలిస్తే ఇది చాలా పెద్ద ముప్పే. అయినా ‘అధిక ముప్పు’ అని చీటీ రాయించుకున్న ప్రతి నలుగురిలో ముగ్గురు ఆ మూడేళ్లలో సైకోసిస్‌లోకి వెళ్లడం లేదు. మరి ఆ ముగ్గురి సంగతేమిటి? చాలాకాలం ఈ ప్రశ్న ఎవరూ సరిగా అడగలేదు. దాటారా, దాటలేదా అన్నదే లెక్క. దాటనివాళ్లు పరిశోధన పట్టికలో ‘కాలేదు’ అన్న గడిలో పడి కనుమరుగయ్యేవారు.

కోస్తా జిల్లాలవాళ్లకు ఈ వరస తెలియనిది కాదు. తుపాను దిశ మార్చుకుంటే రేవులో ప్రమాద హెచ్చరిక దించేస్తారు, విలేకరులు వెళ్లిపోతారు. ఈలోగా పడ్డ వానకు మునిగిన చేలు మాత్రం మునిగే ఉంటాయి.

మెల్‌బోర్న్ పరిశోధకులే తర్వాత ఆ చేలవైపు తిరిగి చూశారు. సైకోసిస్‌లోకి వెళ్లని 226 మందిని, కొందరిని రెండేళ్లకు పైగా, మరికొందరిని పదిహేనేళ్ల దాకా గడిచాక వెతికి పట్టుకున్నారు. 2015లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ కాలంలో 68 శాతం మంది ఏదో ఒక ఇతర మానసిక సమస్యతో బాధపడ్డారు. దాదాపు సగం మందికి డిప్రెషన్ వంటి మనోభావ సంబంధమైన జబ్బు, మూడో వంతుకు పైగా ఆందోళన జబ్బులు. హద్దు దాటలేదని సంతోషించాల్సిందే. బాగున్నారని చెప్పడానికి మాత్రం లేదు.

అసలు వాళ్లు మొదటిరోజు క్లినిక్ గడప తొక్కినప్పుడే పరిస్థితి అది. లండన్, మెల్‌బోర్న్ పరిశోధకులు కలిసి 509 మంది వివరాలు పరిశీలించి 2014లో ప్రచురించారు. ముప్పు లక్షణాలు కాక మరో మానసిక జబ్బు కూడా ఉన్నవాళ్లు 73 శాతం. ఒక్క డిప్రెషనే 40 శాతం. ఆందోళన జబ్బులు 8 శాతమే అని అందులో వచ్చింది. దాన్ని చూసి ఆందోళన పెద్ద విషయం కాదనుకుంటే పొరపాటు. ఉత్తర అమెరికాలో ఎనిమిది కేంద్రాలు కలిసి చేసిన పెద్ద అధ్యయనంలో పనిగట్టుకుని, నిర్మాణబద్ధంగా అడిగితే దాదాపు సగం మందిలో ఆందోళన జబ్బు తేలింది. అందులోనూ నలుగురిలోకి వెళ్లాలంటే భయం, అన్నిటికీ ఆదుర్దా పడటం ముందున్నాయి. అడిగేదాన్ని బట్టి అంకె మారుతుంది. చెవిలో మాటలు వినబడుతున్నాయా అని ఆరాతీసే హడావిడిలో గుండె దడ గురించి అడగడం మరిచిపోవడం తేలిక.

2014 నాటి పరిశోధనలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే సంగతి వేరే ఉంది. డిప్రెషన్, ఆందోళన ఉన్నవాళ్లు లేనివాళ్లకంటే ఎక్కువగా సైకోసిస్‌లోకి వెళ్లలేదు. అంటే రేపు ఏమవుతుందో చెప్పే జోస్యానికి అవి పనికిరాలేదు. కానీ ఇవాళ్టి బతుకును పట్టి కుదిపేసినవి అవే. చదువు, పని, స్నేహాలు ఎక్కువగా దెబ్బతిన్నది వాళ్లలోనే. బతకాలని లేదన్న ఆలోచనలు ఎక్కువగా వచ్చిందీ వాళ్లకే. ఈ ముప్పు ఉన్నవాళ్ల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి 2015లో చూసినప్పుడు, గడిచిన రెండు వారాల్లో చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినవాళ్లు మూడింట రెండు వంతుల మంది అని తేలింది. జోస్యానికి పనికిరాదని ఇంత బరువును పక్కన పెట్టిన వైద్యం ఏం వైద్యం?

ఇక్కడ డాక్టర్లకు నిజంగానే ఒక చిక్కుంది. గదిలోంచి బయటికి రాడు, ఎవరితో మాట్లాడడు, దేనిమీదా ఆసక్తి లేదు. ఇది డిప్రెషనా, లేక స్కిజోఫ్రీనియాలో వచ్చే మొద్దుబారినతనమా? పైకి రెండూ ఒక్కలాగే ఉంటాయి. ఈ తేడా పట్టుకోవడానికి కెనడాలోని కాల్గరీలో డోనల్డ్ ఆడింగ్టన్, జీన్ ఆడింగ్టన్ 1990లో తొమ్మిది అంశాల ప్రశ్నావళి తయారుచేశారు. మామూలు డిప్రెషన్ పట్టికల్లో ఉండే నీరసం, ఆసక్తి తగ్గడం వంటివాటిని వదిలేసి, నిరాశ, తప్పు చేశానన్న కుమిలిపాటు, తెల్లవారుజామునే మెలకువ రావడం, పొద్దుటిపూట దిగులు ఎక్కువగా ఉండటం లాంటివాటి మీద దృష్టి పెట్టారు. మొద్దుబారినవాడికి లోపల ఖాళీగా ఉంటుంది. దిగులు పడ్డవాడికి లోపల నొప్పిగా ఉంటుంది. ఆ తొమ్మిదిలో ఒకటి మరీ ఆసక్తికరం: చేయని తప్పుకు చుట్టూ ఉన్నవాళ్లంతా తనను నిందిస్తున్నారని అనిపిస్తోందా? దిగులుకూ భ్రమకూ మధ్య సరిహద్దు రాయి అదే.

ఆ సరిహద్దు దగ్గర మెదడులో ఏం జరుగుతుంది? లోకంలో ప్రతిక్షణం లక్ష సంగతులు మన కంటా చెవినా పడతాయి. వాటిలో ఏది మనకు ముఖ్యమో గుర్తుపెట్టే పనిలో డోపమిన్ అనే రసాయనానిది పెద్ద పాత్ర. అది అదుపు లేకుండా విడుదలైతే ఏ ప్రాముఖ్యమూ లేని సంగతులకు కూడా ముద్ర పడిపోతుంది: ఎదురింటి బల్బు ఆరిపోవడం, ఎవరో దగ్గడం. ‘ఇది నాకోసమే’ అన్న అనుభవం అలా పుడుతుందని శితిజ్ కపూర్ 2003లో ప్రతిపాదించాడు. ముప్పు దశలో ఉన్నవాళ్లకు మెదడు స్కాన్లు తీసి, వాళ్లలో డోపమిన్ తయారీ అప్పటికే పెరిగి ఉందని 2009లో ఆలివర్ హౌవ్స్ బృందం లండన్‌లో చూపింది.

మరి డోపమిన్ అదుపు తప్పడానికి ఆందోళనతో పనేమిటి? పిట్స్‌బర్గ్‌లో ఆంథొనీ గ్రేస్ ప్రయోగశాల ఎలుకలతో చెప్పిన జవాబు చూడండి. కడుపుతో ఉన్న ఎలుకకు ఒక రసాయనం ఇస్తే, దాని పిల్లల మెదడు ఎదుగుదలలో తేడా వస్తుంది. ఆ పిల్లలు పెద్దయ్యాక వాటి డోపమిన్ వ్యవస్థ రెచ్చిపోయి ఉంటుంది. పెద్దవి కాకముందు, యుక్తవయసుకు ముందూ వెనకల్లో అవి ఒత్తిడికి అతిగా స్పందిస్తాయి. ఆ వయసులో కొన్నాళ్లు వాటికి డయాజెపామ్ ఇచ్చారు. ఆందోళన తగ్గించడానికి దశాబ్దాలుగా వాడుతున్న పాత మందే. ఆ పిల్లలు పెద్దయ్యాక డోపమిన్ రెచ్చిపోలేదు. భయాలను పుట్టించే అమిగ్డలా నుంచీ, ఒత్తిడికి త్వరగా దెబ్బతినే హిప్పోక్యాంపస్ నుంచీ వచ్చే ఉద్రేకమే డోపమిన్‌ను రెచ్చగొడుతుందని, దాన్ని వేళకు చల్లబరిస్తే కథ మారవచ్చని గ్రేస్ వాదం. ఎలుకకు పనిచేసింది కదా అని పిల్లలకు ఆ మాత్రలు వేయకూడదు. అవి అలవాటు పడిపోయే మందులు. ఇందులో తీసుకోవాల్సింది మందు పేరు కాదు, వయసు సంగతి: యుక్తవయసులో తగ్గని ఆందోళన మెదడు మీద జాడ వదలకుండా పోదు.

మనుషుల్లో దీనికి దగ్గరి సాక్ష్యం ఆక్స్‌ఫర్డ్‌లో డేనియల్ ఫ్రీమన్ ఇచ్చాడు. ఎవరో హాని తలపెట్టారన్న అనుమానం ఆకాశం నుంచి ఊడిపడదని, ఆదుర్దా, నిద్రలేమి, తాను ఎందుకూ కొరగాననుకోవడం దానికి మేత వేస్తాయని ఆయన చాలాకాలంగా చెబుతున్నాడు. బ్రిటన్‌లో 26 విశ్వవిద్యాలయాల్లో నిద్రపట్టక బాధపడుతున్న 3,755 మంది విద్యార్థులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఇంటర్నెట్ ద్వారా నిద్రలేమి చికిత్స ఇచ్చారు. 2017లో ఫలితాలు వచ్చాయి. నిద్ర మెరుగైన జట్టులో అనుమానాలు తగ్గాయి, భ్రాంతి అనుభవాలు తగ్గాయి, దిగులూ ఆందోళనా తగ్గాయి. అనుమానం గురించి ఒక్క మాట మాట్లాడకుండానే అనుమానం తగ్గిందన్నమాట. రాత్రి రెండింటి దాకా చదివించి పొద్దున్నే ఐదింటికి గంట కొట్టే మన రెసిడెన్షియల్ కాలేజీల యాజమాన్యాలకు ఈ పరిశోధన ఎవరైనా చదివి వినిపిస్తే బాగుండు.

దిగులు, సైకోసిస్‌లలో ఏది దేనికి దారితీస్తుందో తేల్చి చెప్పడం మాత్రం కష్టం. తన మనసే తనను మోసం చేస్తోందేమోనన్న భయం కంటే పెద్ద భయం ఏముంటుంది? ఆ అనుభవం ఎవరికైనా దిగులు తెస్తుంది. చిన్నతనపు దెబ్బలు, వేధింపులు, గంజాయి రెండింటికీ దారి తీయగలవు. నెదర్లాండ్స్‌కు చెందిన జిమ్ ఫాన్ ఓస్ లాంటివాళ్లు ఇంకా ముందుకెళ్లి, ఈ ‘ముప్పు’ క్లినిక్‌లకు వస్తున్నవాళ్లలో ఎక్కువమంది అసలు డిప్రెషన్, ఆందోళన ఉన్నవాళ్లేనని, వాళ్లలో కొందరికి పలచని సైకోసిస్ అనుభవాలు తోడయ్యాయని, ఆ రెండోదాన్ని పట్టుకుని పేరు పెట్టేశామని విమర్శించారు. ‘పలచని సైకోసిస్’ను అధికారిక జబ్బుగా చేర్చాలన్న ప్రతిపాదన అమెరికాలో వచ్చినప్పుడు, కుర్రకారు నుదుట లేనిపోని ముద్ర వేస్తారని, అవసరం లేని మందులు మింగిస్తారని మానసిక వైద్యుడు అలెన్ ఫ్రాన్సిస్ గట్టిగా ఎదిరించాడు. చివరికి 2013 నాటి అమెరికా రోగనిర్ధారణ గ్రంథంలో దాన్ని వెనక భాగంలో, ఇంకా పరిశోధించాల్సినవాటి వరసలో పెట్టారు. ఆ రాజీ సబబైనదేనని నా అభిప్రాయం.

వైద్యం విషయంలో ఆశలు లేచి కూలిన కథ ఒకటి చెప్పుకోవాలి. వియన్నాలో పాల్ అమింగర్ బృందం ముప్పు ఉన్న 81 మందిలో కొందరికి పన్నెండు వారాలు చేపనూనె గొట్టం మాత్రలిచ్చింది. ఏడాదిలో వాళ్లలో 4.9 శాతం సైకోసిస్‌లోకి వెళితే, ఉత్తుత్తి మాత్రలు మింగినవాళ్లలో 27.5 శాతం వెళ్లారు. 2010లో ఈ వార్త మానసిక వైద్యులకు పండగే. తర్వాత పలు దేశాల్లో 304 మందితో పెద్ద పరీక్ష పెట్టారు. 2017లో ఫలితం వచ్చింది: తేడా లేదు. చిన్న పరిశోధన చూసి పెద్ద చిందులు వేయకూడదన్న పాఠం వైద్యశాస్త్రం పదేపదే నేర్చుకుని పదేపదే మరిచిపోతుంటుంది.

బ్రిటన్ జాతీయ మార్గదర్శకాలు 2014లో తీసుకున్న వైఖరి సూటిగా ఉంది. ముప్పు మాత్రమే ఉన్నవాళ్లకు, సైకోసిస్ రాకుండా ఆపడం కోసమని యాంటీసైకోటిక్ మందులు ఇవ్వవద్దు. ఆలోచనల తీరును, భయాలకు స్పందించే తీరును సరిదిద్దే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ఇవ్వండి. అవసరమైతే కుటుంబాన్నీ కలుపుకోండి. డిప్రెషన్, ఆందోళన, మాదకద్రవ్యాల వాడకం ఉంటే వాటికి చేయాల్సిన వైద్యం చేయండి. ఈ చివరి వాక్యం మీద నాకు గౌరవం. రేపు రాబోయేదానితో నిమిత్తం లేకుండా ఇవాళ ఉన్న బాధకు వైద్యం చేయమంటోంది. డిప్రెషన్ మందులు సైకోసిస్‌ను కూడా అడ్డుకుంటాయా అన్న ప్రశ్నకు ఇంకా గట్టి జవాబు లేదు. న్యూయార్క్‌లో బార్బరా కోర్న్‌బ్లాట్ బృందం 48 మంది పిల్లలను గమనించినప్పుడు, డిప్రెషన్ మందులు వాడినవాళ్లలో ఒక్కరూ సైకోసిస్‌లోకి వెళ్లలేదు. యాంటీసైకోటిక్స్ రాసిచ్చినవాళ్లలో 12 మంది వెళ్లారు. తీరా చూస్తే ఆ 12 మందిలో ఒక్కరు తప్ప అందరూ మందులు సరిగా వేసుకోనివాళ్లే. చీటీ వేసి రెండు జట్లుగా విడదీసిన పరీక్షా కాదది. కాబట్టి దాన్ని సూచనగా తీసుకోవాలే తప్ప రుజువుగా కాదు.

మన ఇళ్లలో ఈ దశ ఎలా గడిచిపోతుందో అందరికీ తెలిసిందే. ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లాడు బీటెక్ రెండో ఏడాదికి తలుపేసుకుని కూర్చుంటాడు. ఫోను పాడుచేసిందంటారు, ప్రేమ వ్యవహారమంటారు, గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు, పెళ్లి చేస్తే కుదురుకుంటాడంటారు. ‘మనాది పెట్టుకుండు’ (దిగులు పెట్టుకున్నాడు) అని తెలంగాణ పెద్దవాళ్లు అనేది వీటన్నిటికంటే నిజానికి దగ్గర. ఎర్రగడ్డ, విశాఖ మానసిక ఆసుపత్రుల పేర్లు తిట్లుగా వాడుకునే చోట ఇలాంటి పిల్లాణ్ని మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలంటే ఇంటిల్లిపాదీ ముందు సిగ్గును దాటాలి. నిమ్హాన్స్ మానసిక వైద్య సంస్థ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ సర్వే ప్రకారం సైకోసిస్ జబ్బులున్న ప్రతి నలుగురిలో ముగ్గురు వైద్యానికి దూరంగానే ఉన్నారు. ఆ సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో తెలుగు రాష్ట్రం ఒక్కటీ లేదు.

అదే సమయంలో మనకున్న బలం కూడా కుటుంబమే. చెన్నైలోని స్కార్ఫ్ సంస్థ, కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు కలిసి మొదటి విడత సైకోసిస్ వచ్చినవాళ్లను రెండు నగరాల్లోనూ పోల్చి చూశారు. చెన్నైలో ఇంటివాళ్లు వైద్యంలో ఎక్కువగా పాలుపంచుకున్నారు, మొద్దుబారినతనం వంటి లక్షణాలు అక్కడే ఎక్కువగా మెరుగుపడ్డాయి. అది జబ్బు వచ్చాక సంగతి. ముందే ఆ చెయ్యి అందితే మంచిదే తప్ప చెడు లేదు.

ఇంట్లో ఇలాంటి మార్పు కనిపించిన అమ్మానాన్నలకు ఒక మాట. దిగులుతో, ఆందోళనతో ఉన్న పిల్లల్లో అత్యధికులకు సైకోసిస్ రాదు. ఇది చదివి బెంగపెట్టుకోకండి. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మాత్రం చదువు సంగతి ఒక్కటే చెప్పి ఊరుకోకండి. నిద్ర ఎలా ఉంది, ఎవరినైనా అనుమానిస్తున్నాడా, చచ్చిపోవాలని ఎప్పుడైనా అన్నాడా అన్నవి కూడా చెప్పండి, పిల్లాడితో డాక్టరును ఒంటరిగా మాట్లాడనివ్వండి. కుటుంబంలో ఎవరికైనా ఇలాంటి జబ్బు ఉండి ఉంటే దాచకండి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ ఫోను సేవ ఉంది. నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు.